భాజనీయతా సూత్రాలు: బట్టీ పట్టకండి, ఎందుకో అడగండి

2016 జనవరి 1న ఢిల్లీ రోడ్ల మీద ఒక గణిత సూత్రం అమల్లోకి వచ్చింది. మనమంతా కరెంట్ అఫైర్స్‌లో చదువుకున్న సరి-బేసి పథకమే అది. వాయు కాలుష్యం తగ్గించడానికి ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా బేసి తేదీల్లో బేసి నంబరు కార్లు, సరి తేదీల్లో సరి నంబరు కార్లు తిరగాలి. తప్పితే 2,000 రూపాయల జరిమానా. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒకసారి, 2019 నవంబరులో ఇంకోసారి కూడా అమలు చేశారు.

కూడలిలో నిలబడిన ట్రాఫిక్ పోలీసు ఏం చూశాడు? నంబరు ప్లేటులో చివరి అంకె ఒక్కటే. 4137 అయితే బేసి, 7530 అయితే సరి. మిగతా మూడు అంకెల జోలికి పోలేదు.

ఇప్పుడు మీకు ఒక ప్రశ్న. నాలుగంకెల సంఖ్యలో మూడింటిని వదిలేసి ఒక్క అంకెతో తీర్పు ఎలా చెప్పగలిగాడు? "రూలు అంతే కదా" అన్నది మీ జవాబైతే ఈ వ్యాసం మీ కోసమే. ఒకప్పుడు నా జవాబు కూడా అదే. దానికి నేను ఒక ఏడాది మూల్యం కట్టాను.

నా లెక్క ఇదీ

మొదటి ప్రిలిమ్స్‌లో నా జీఎస్ బాగానే వచ్చింది. సీశాట్‌లో 80 ప్రశ్నల్లో, నమ్మకం ఉన్న 30 మాత్రమే పెట్టాను. 27 ఒప్పు, 3 తప్పు. ఒప్పుకు 2.5 చొప్పున 67.5. మూడు తప్పులకు 2.5 పోయింది. మిగిలింది 65. కావాల్సింది 200కి 33 శాతం, అంటే కనీసం 66. ఆ మూడు తప్పుల్లో ఒకటి భాజనీయత మీద వచ్చిన ప్రశ్న. అది ఒప్పయి ఉంటే 68.33 వచ్చేవి.

నేను పడిన గొయ్యి ఇది: ఒక సంఖ్య 4తోనూ 6తోనూ నిశ్శేషంగా భాగించబడితే 24తో కూడా భాగించబడుతుందని అనుకున్నాను. 2తో, 3తో పోతే 6తో పోతుందని స్కూల్లో నేర్చుకున్నాం కదా, ఇదీ అలాగే అనుకున్నాను. కానీ 12ను చూడండి. 4తో పోతుంది, 6తో పోతుంది, 24తో పోదు. 2కీ 3కీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టే 6 విషయంలో ఆ సూత్రం నిలబడింది. 4కీ 6కీ 2 ఉమ్మడిగా ఉంది. 24కు పరీక్షించాలంటే 3, 8 తీసుకోవాలి. నాకు సూత్రం గుర్తుంది, దాని షరతు గుర్తు లేదు.

కారణం ఎంత చిన్నదో చూడండి

మన సంఖ్యలన్నీ పదుల మీద కట్టినవి. 10 అనేది 2తో పోతుంది కాబట్టి పదులు, వందలు, వేలు అన్నీ 2తో పోతాయి. తేలాల్సింది ఒకట్ల స్థానం ఒక్కటే. ట్రాఫిక్ పోలీసు చివరి అంకె చూసింది అందుకే. సున్నాతో ముగిసే ప్లేటు సరి సంఖ్య కావడానికీ కారణం ఇదే. 5కు కూడా ఇంతే.

10 అనేది 4తో పోదు, కానీ 100 పోతుంది. అందుకే 4కు చివరి రెండు అంకెలు చూస్తాం. 8కి 1000 కావాలి, అందుకే మూడు అంకెలు.

ఇక 9. 10 అంటే 9+1, 100 అంటే 99+1, 1000 అంటే 999+1. 5274ను విడదీస్తే అందులో ఐదు 999లు, రెండు 99లు, ఏడు 9లు పోగా మిగిలేది 5+2+7+4, అంటే 18. అది 9తో పోతుంది కాబట్టి 5274 కూడా పోతుంది. అంకెల మొత్తం ఎక్కడి నుంచో ఊడిపడలేదు, పెద్ద సంఖ్యలోంచి 9లు తీసేయగా మిగిలిన శేషమే అది.

ఇది తెలిస్తే సూత్రం ఇంకొంచెం దూరం పనిచేస్తుంది. 1 నుంచి 20 వరకు సంఖ్యలను పక్కపక్కన రాస్తే వచ్చే పొడవాటి సంఖ్యను 9తో భాగిస్తే శేషం ఎంత? "అంకెల మొత్తం 9తో పోవాలి" అని మాత్రమే బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. కారణం తెలిసినవాళ్లు 1 నుంచి 20 మొత్తం 210 అని రాసి, దాని అంకెలు కూడి, శేషం 3 అని ముందుకు వెళ్తారు.

అలాగే 1001 అంటే 7×11×13. ఏ మూడంకెల సంఖ్యనైనా రెండుసార్లు పక్కపక్కన రాయండి, ఉదాహరణకు 346346. అది 346ను 1001తో గుణించినట్టే. కాబట్టి 7, 11, 13 మూడింటితోనూ పోతుంది.

"టైమ్ ఎక్కడుంది?" అంటారా

నిజమే, సీశాట్‌లో ప్రశ్నకు దొరికేది నిమిషంన్నర. కానీ కారణాలు నేర్చుకోవాల్సింది పరీక్ష హాల్లో కాదు, ఇప్పుడు. 2 నుంచి 13 వరకు విడివిడిగా డజను ట్రిక్కులు గుర్తుపెట్టుకోవడం కన్నా, "పదిని దీనితో భాగిస్తే ఏం మిగులుతుంది" అన్న ఒక్క ప్రశ్న పట్టుకోవడం తేలిక. మరిచిపోయినా మళ్లీ కట్టుకోవచ్చు. ట్రిక్కు మరిచిపోతే మాత్రం ఊహించి గుండు సున్నా చుట్టడమే మిగులుతుంది.

సీశాట్ 2015 నుంచి అర్హత పేపరే కదా అని చివరి నెలకు వదిలేయకండి. ముఖ్యంగా మనలో ఆర్ట్స్ చదివినవాళ్లు, పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టనివాళ్లు. సిలబస్‌లో సంఖ్యల భాగం పదో తరగతి స్థాయే. కానీ ప్రశ్న ఆ స్థాయి సూత్రాన్ని నేరుగా అడగదు, మెలిపెట్టి అడుగుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి 'గణిత ప్రకాశ్'లో ప్రధాన సంఖ్యల అధ్యాయం, పాత ఎనిమిదో తరగతి పుస్తకంలో 'ప్లేయింగ్ విత్ నంబర్స్' అధ్యాయం ఒక్క సాయంత్రం కూర్చుని చదవండి. ఆరో తరగతి పుస్తకం చేతిలో ఉందని లైబ్రరీలో సిగ్గుపడకండి. నేను పడ్డాను, దాని ఖరీదు పైన రాశాను.

ఇంకో మాట. రేపు మనం కూర్చోవాలనుకుంటున్న కుర్చీలో పనంతా నిబంధనలతోనే. నిబంధన మాత్రమే తెలిసినవాడు అది వర్తించని చోట కూడా వర్తింపజేస్తాడు, నేను 4, 6 విషయంలో చేసినట్టు. అది ఎందుకు పెట్టారో తెలిసినవాడికి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

పుస్తకం మూసే ముందు ఒక పని చేయండి. 16తో భాగించబడుతుందో లేదో తెలియాలంటే చివరి ఎన్ని అంకెలు చూడాలి? ఎక్కడా వెతకొద్దు. పైన చెప్పిన కారణంతో మీరే తేల్చండి. తేలితే, ఆ సూత్రం మీరు కట్టుకున్నది. ఇక మరిచిపోరు.