జాతి పేరు చూసి తీర్పు చెప్పేస్తే ఎలా?



సామర్లకోటలో రూముకెళ్లే దారిలో రాట్‌వీలర్ ఉన్న ఇల్లొస్తే మనమంతా అవతలి పక్కకి జరిగిపోతాం. ఆ భయం ఉత్తదని అనం, అంత కుక్క పట్టుకుంటే గాయం పెద్దదే. కానీ 2024 మార్చిలో పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల్ని నిషేధించమని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాస్తే (ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది లెండి), మనవాళ్లే కొందరు మంచి పని అన్నారు. మాకు మాత్రం మనసొప్పలేదు.

మనుషుల్ని కుక్కలతో పోల్చట్లేదు, తప్పుగా తీసుకోకండి. కానీ పుట్టుకను బట్టి దొంగలని రాసిపెట్టే నేర జాతుల చట్టం మన ఎరుకల తాతలు చూసిందే. వాళ్లను స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టారు. చట్టం పోయింది. ఆ ఊరి పేరు చెబితే మొహాలు ఇప్పటికీ మారతాయి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు ప్రాణం తీసింది మామూలు వీధికుక్కలు. అవి ఏ జాతుల లిస్టులోనూ లేవు. గొలుసు లేకుండా వదిలిన యజమానిని అడుగుదాం, వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు వేయించమని మున్సిపాలిటీని అడుగుదాం.

ఈలోగా ఏ కుక్క కరిచినా పసర్లు, కారం పెట్టొద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.