రెండో టేకు ఎవరికిస్తారు?

తెలుగులో ఏళ్ల తరబడి నడిచిన సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ పేరు ఒక్కటి చెప్పండి. గుర్తు రావట్లేదు కదా. ఎందుకు లేదంటే అందరూ చెప్పేది ఒకటే: బడ్జెట్. నేనా మాట నమ్మను. మన నిర్మాతలకు లేనిది డైరెక్టర్ని ఎంచుకునే ధైర్యం.

1963లో బీబీసీ 'డాక్టర్ హూ' మొదలుపెట్టినప్పుడు డబ్బులేం మూలగలేదు. ఉన్నది లైమ్ గ్రోవ్‌లో ఒక పాత, ఇరుకు స్టూడియో. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి 27 ఏళ్లు. మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్, లక్నోలో పుట్టినవాడు, వయసు 24. తీసిన తొలి ఎపిసోడ్ పై అధికారి సిడ్నీ న్యూమన్‌కు నచ్చలేదు. మళ్లీ తీయమన్నాడు. తీసిందెవరు? అదే వెరిటీ, అదే వారిస్. నవంబర్ 23న జనం చూసింది ఆ రెండో టేకునే.

మన దగ్గరైతే ఏమయ్యేది? కుర్రాడికి 'ఐరన్ లెగ్' అని పేరు పెట్టి, పెద్ద హిట్టు కొట్టిన ఇంకెవరికో అడ్వాన్సు పంపేవాళ్లు.

'టైముకు తీసిచ్చేవాడు కావాలి కదా' అంటారు. నిజమే, కావాలి. కానీ పెద్ద సీరియల్లో కథాలోకం, పాత్రలు, సెట్లు, అన్నీ నిర్మాత, రచయితల చేతిలోనే ఉంటాయి. డైరెక్టర్ వచ్చి నాలుగు ఎపిసోడ్లు తీసి పోతాడు. అవి తేలిపోతే తర్వాతి వారం ఇంకొకరుంటారు. సినిమాలో కొత్తవాడు తప్పితే కోట్లు పోతాయి, ఇక్కడ పోయేది ఒక వారం. అంటే కొత్తవాళ్లను తయారుచేసుకోవడానికి ఇంతకంటే చవకైన చోటు లేదు. అదే సీరియల్లో అసిస్టెంటుగా పనిచేసిన గ్రేమ్ హార్పర్ 1984లో దర్శకుడయ్యాడు, 2006లో మళ్లీ పిలిస్తే వచ్చి తీశాడు.

ఇది తెల్లోళ్ల విద్యేం కాదు. 'మాయాబజార్'కి కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావే 1991లో మనకు 'ఆదిత్య 369' ఇచ్చాడు. పక్కన నిలబడి చూసి నేర్చుకున్న పని అది. ఆ చూసినవాడి చేతికి కెమెరా ఎప్పుడిస్తారన్నదే ప్రశ్న.

ధర్మపురికి వస్తే యమపురి ఉండదని మా దగ్గర ఒక మాట. గోదారి ఒడ్డు నుంచి బస్సెక్కి కృష్ణానగర్‌కు పోయిన పిల్లలకు మాత్రం ఆ అభయం ఎవరూ ఇవ్వరు. క్లాప్ కొడుతూ, కంటిన్యుటీ రాస్తూ, 'వచ్చే ప్రాజెక్టులో చూద్దాం తమ్మీ' అనే మాట వింటూ ముప్పై దాటుతారు. వాళ్ల నోట్‌బుక్కుల్లో గ్రహాంతరవాసులున్నారో, కాలయంత్రాలున్నాయో అడిగినవాడు లేడు.

నిర్మాతలను నేనడిగేది పెద్దదేం కాదు. వంద ఎపిసోడ్లలో రెండు వాళ్లకివ్వండి. మొదటిది చెడిపోతే, రెండోది కూడా వాళ్లతోనే తీయించండి.