గీత అందరికీ కనిపించాలి

మన వసతిగృహ వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ, క్రమశిక్షణ, కాలం విలువ వంటి విషయాల మీద వ్యాసాలు వస్తాయి. అవీ అవసరమే. అయితే ఈసారి నేను ఒక కాగితం గురించి రాయదలిచాను. ఏటా ఆటల సీజన్‌లో కాలేజీ నోటీసు బోర్డు మీద కనిపించే కాగితం అది. పైన ఆట పేరు, కింద వరుసగా పదహారో పద్దెనిమిదో పేర్లు, అడుగున ఒక సంతకం ఉంటాయి. ఆ పేర్లు ఎలా వచ్చాయో, రాని పేర్లు ఎందుకు రాలేదో ఆ కాగితం చెప్పదు. మనమూ అడగం. అడగకపోవడమే మంచితనం అనుకుంటాం. నా దృష్టిలో అది మంచితనం కాదు, అలవాటు మాత్రమే.

హాకీని ఉదాహరణగా తీసుకుంటాను. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో ఆడే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తమ ఆటకు అన్వయించుకోవచ్చు.

కాలేజీ విద్యార్థి హాకీలో దేశస్థాయికి వెళ్ళాలంటే నాలుగు మెట్లు ఎక్కాలి. మొదటిది కాలేజీ జట్టులో చోటు. రెండోది, ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో ఆట చూసి, సెలక్షన్ ట్రయల్స్ పెట్టి తీసే యూనివర్సిటీ జట్టులో చోటు. మన ప్రాంతపు డిగ్రీ కాలేజీలకు అది 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వకళాపరిషత్ జట్టు. మూడోది సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి యూనివర్సిటీలన్నీ అక్కడికి వస్తాయి. దేశంలో ఇలాంటి జోన్లు నాలుగు. ఒక్కో జోన్ నుంచి మొదటి నాలుగు జట్లు, అంటే మొత్తం 16 జట్లు, అఖిల భారత ఇంటర్ యూనివర్సిటీ పోటీకి వెళతాయి. అది నాలుగో మెట్టు. ఈ పోటీలను నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలై 1973లో ఇప్పటి పేరు పెట్టుకుంది. 2020లో భువనేశ్వర్‌లో ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు ప్రారంభమయ్యాక ఇంకో మెట్టు చేరింది. అఖిల భారత పోటీలో మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచిన జట్లకు అక్కడ ఆడే అవకాశం వస్తుంది.

ఇప్పుడు ఒక తేడా గమనించండి. మూడో మెట్టు నుంచి పైకి అంతా ఆట మీదే ఆధారపడి ఉంటుంది. సౌత్ జోన్‌లో ముందు నాకౌట్ మ్యాచ్‌లు, చివరికి మిగిలిన నాలుగు జట్ల మధ్య లీగ్. గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి. కిందటి ఏడాది మొదటి స్థానాల్లో ఉన్న జట్లను డ్రాలో వేరువేరు మూలల్లో పెడతారు. ఆ సంగతి కూడా అందరికీ ముందే తెలుసు. ఒక చెడ్డ రోజు ఏడాది కష్టాన్ని మింగేయవచ్చు. కానీ ఓడిన జట్టుకు ఎందుకు ఓడిందో తెలుస్తుంది. స్కోరు బోర్డు ఎవరి మొహమూ చూడదు. మొదటి రెండు మెట్ల దగ్గర మాత్రం స్కోరు బోర్డు లేదు, కలం ఉంది. మనవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

ఆటలో ఓడిపోవడం ఒకటి, ఆడకుండానే ఆగిపోవడం ఇంకొకటి. ఈ రెండూ ఒకటి కావు.

"ఆటే కదా, దీనికింత రాద్ధాంతమా?" అని కొందరు అన్నయ్యలు అనవచ్చు. ఇది ఆటతో పోయేది కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకాలకు అర్హుల్లో ఒక వర్గం, ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో తమ యూనివర్సిటీ తరఫున ఆడినవారు. దానికి ఫారం-3 అనే సర్టిఫికెట్ ఉంటుంది. యూనివర్సిటీ క్రీడా విభాగం బాధ్యుడు సంతకం పెట్టాలి. కాలేజీ తరఫున ఎన్ని ఇంటర్ కాలేజియేట్ కప్పులు గెలిచినా ఆ ఫారం రాదు. మన రాష్ట్రంలో 2 శాతంగా ఉండే స్పోర్ట్స్ రిజర్వేషన్ 2025లో 3 శాతమయింది. అంటే నోటీసు బోర్డు మీది ఆ జాబితాలో పేరు ఉండడానికి, లేకపోవడానికి మధ్య ఒక్కోసారి ఒక కుటుంబం బతుకు ఉంటుంది. మైదానంలో 11 మందే ఆడతారు, జాబితాలో ఇంకో ఐదుగురో ఏడుగురో ఉంటారు. ఆ చివరి పేరు ఎవరిది అన్న ప్రశ్న చిన్నదేమీ కాదు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను డిగ్రీ చదివిన కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఒకరిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రెండో సంవత్సరంలో నేను ఫుల్ బ్యాక్‌గా ఆడేవాణ్ణి. దసరా సెలవులకు హాస్టల్ మూసేశారు. ఉదయం బస్సుకే ఊరెళ్ళిపోయి నాన్నతో పాటు చెరకు జడచుట్టు పనిలోకి దిగాను. ఆ మధ్యాహ్నమే నోటీసు పెట్టారట, సెలవుల్లో నాలుగో రోజు ట్రయల్స్ అని. పట్నంలో ఉండేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని వెళ్ళారు. నేను తిరిగి వచ్చేసరికి పేర్ల కాగితం అతికించి ఉంది. పి.డి. గారిని అడిగితే, "నోటీసు పెట్టాం కదా బాబూ, చూసుకోవద్దా?" అన్నారు. ఆయన అన్నది అబద్ధం కాదు. నోటీసు పెట్టారు. నేను చూడలేదు. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. సెలవుల్లో కూడా కాలేజీ బోర్డు మీద ఓ కన్నేసి ఉంచాలని చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు?

మరుసటి ఏడాది నాతో పాటు ట్రయల్స్‌కు వచ్చిన మా గది మిత్రుడి సంగతి ఇంకా బాధ. మాలో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు. మేం నేర్చుకున్నది మట్టి నేల మీద. ట్రయల్స్ పెట్టింది టర్ఫ్ మీద. వాడి కాళ్ళకు కాన్వాస్ బూట్లు, చేతిలో టేపు చుట్టిన పాత స్టిక్కు. పది నిమిషాలు ఆడించారు. రెండుసార్లు జారిపడ్డాడు. "నెక్స్ట్" అన్నారు. బయటికొచ్చి, "నానాడింది ఆలు సూసేరేటి? నాను పడింది సూసేరు" అన్నాడు. ఇవాళ అచ్యుతాపురం సెజ్‌లో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. వాణ్ణి తీసుకుని తీరాల్సింది అని నేను అనడం లేదు. వాడికన్నా బాగా ఆడినవాళ్ళు ఉండి ఉండవచ్చు. కానీ దేన్ని చూసి కొలిచారో మాకు ఇప్పటికీ తెలియదు. నా బాధ అదీ.

ఎంపికలో అన్యాయం కొత్తదేమీ కాదు. పల్వంకర్ బాలూ పేరు మనలో ఎంతమందికి తెలుసు? దళిత కుటుంబంలో పుట్టి, పుణెలో దొరల క్లబ్బులో పిచ్ చదును చేసే పనిలో చేరి, నెట్స్‌లో బంతులు వేస్తూ గొప్ప స్పిన్నర్ అయ్యాడు. 1911లో ఇంగ్లాండు వెళ్ళిన భారత జట్టు తరఫున వందకు పైగా వికెట్లు తీశాడు. అంతటివాడికి హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. మైదానంలో అతని బంతి కావాలి, విరామంలో టీ మాత్రం విడిగా మట్టి ముంతలో ఇచ్చేవారు. 1923లో అతని తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. బాలూ వికెట్లు లెక్కపెట్టగలిగినవి కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. కెప్టెన్సీ లెక్కకు అందనిది కాబట్టి కాదనగలిగారు. ఈ చిన్న తేడాలో మనకు పెద్ద పాఠం ఉంది.

హాకీలోనే చూసుకుంటే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన దేశానికి తొలి హాకీ స్వర్ణం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ ఆదివాసీ బిడ్డ జైపాల్ సింగ్ ముండా. తరువాత రాజ్యాంగ సభలో కూర్చున్నాడు. మన రాష్ట్రం నుంచి, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక పల్లెటూరి నుంచి వచ్చిన ఇ. రజని, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు భారత మహిళల జట్టుతో గోల్ కీపర్‌గా వెళ్ళింది. కాబట్టి పల్లె నుంచి, పేదరికం నుంచి ఆటగాళ్ళు రారనే మాట చెల్లదు. తలుపు తెరిచి ఉంటే వస్తారు.

వేరే దేశంలో ఎలా చేస్తున్నారో కూడా చూద్దాం. అమెరికాలో కాలేజీ హాకీ అంటే మంచు మీద ఆడే ఐస్ హాకీ. అక్కడ సీజన్ అయిపోయాక పురుషుల పెద్ద టోర్నమెంట్‌కు 16 జట్లను తీసుకుంటారు. 2003 నుంచి ఈ సంఖ్య ఇదే. మన అఖిల భారత పోటీలో ఉన్నదీ 16 జట్లే కావడం యాదృచ్ఛికం. అక్కడ ఆరు చోట్లు ఆరు ప్రాంతీయ లీగ్‌ల విజేతలకు నేరుగా వెళతాయి. మిగతా పది చోట్లకు ఒకప్పుడైనా, ఇప్పుడైనా తగాదాలు లేకపోలేదు. అందుకే లెక్క పెట్టుకున్నారు. ఎన్ని గెలిచారు, ఎంత బలమైన జట్ల మీద గెలిచారు, సొంత మైదానంలోనా పరాయి మైదానంలోనా అన్నీ లెక్కలోకి వస్తాయి. పద్ధతిని మధ్యమధ్య మారుస్తుంటారు. కానీ ఏ సంవత్సరం పద్ధతి ఆ సంవత్సరం బహిరంగమే. జట్లు ప్రకటించే ముందు రోజే ఒక మామూలు విద్యార్థి కాగితం, పెన్సిలు తీసుకుని ఎవరు లోపలో ఎవరు బయటో లెక్కగట్టుకోవచ్చు. పదిహేడో జట్టు ఏడుస్తుంది, కానీ ఎందుకు పదిహేడో స్థానమో దానికి తెలుసు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ లెక్క జట్లకు పనికొస్తుంది, మనుషులకు అంతగా పనికిరాదు. ఫార్వర్డ్ కొట్టిన గోల్స్ లెక్కపెట్టవచ్చు. ఫుల్ బ్యాక్ ఆపిన ప్రమాదాన్ని ఏ అంకెలో రాస్తాం? పక్కవాడికి బంతి అందించే గుణాన్ని ఎలా తూస్తాం? ఆటను ఏళ్ళ తరబడి చూసిన పెద్దల కన్నుకు విలువ ఉంది. ఆ కన్నును తీసేయమని నేను అనను. ఆ కన్ను చూసింది కాగితం మీద పెట్టమంటున్నాను. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మను చూసి రంగు, గట్టితనం పోల్చేది కూడా కన్నే. కానీ ధర నలుగురి ముందూ పలుకుతారు, చీటీ రాస్తారు. రైతుకు నచ్చకపోవచ్చు, కానీ తన సరుకు ఎంతకు పోయిందో తెలుస్తుంది. బెల్లం దిమ్మకున్న ఆ మర్యాద ఆటగాడికి ఉండవద్దా?

పి.డి. గార్ల కష్టమూ నాకు తెలుసు. ఒక్క మనిషే అన్ని ఆటలూ చూడాలి, బిల్లులు పెట్టాలి, జట్టును తీసుకెళ్ళాలి. అందుకే నేను అడిగేవి ఖర్చు లేనివి, లేదా చాలా తక్కువ ఖర్చుతో అయ్యేవి.

ఒకటి, ట్రయల్స్ నోటీసు కనీసం పది రోజుల ముందు కాలేజీతో పాటు అన్ని హాస్టళ్ళ బోర్డుల మీద కూడా పెట్టాలి. వార్డెన్ గారికి ఒక కాపీ చేరాలి. హాస్టళ్ళు మూసి ఉండే సెలవుల్లో ట్రయల్స్ పెట్టకూడదు.

రెండు, దేనికి ఎన్ని మార్కులో ముందే చెప్పాలి. వేగం, బంతి మీద పట్టు, డిఫెన్స్, ఇంటర్ కాలేజియేట్‌లో ఆడిన ఆట, ప్రాక్టీసుకు హాజరు, ఇలా ఐదో ఆరో గడులు చాలు.

మూడు, ప్రతి ఒక్కరికీ ఆడేందుకు సరిపడా సమయం ఇవ్వాలి. టర్ఫ్ మీద ట్రయల్స్ అయితే ముందు రోజు దాని మీద కాసేపు ఆడనివ్వాలి. నాలుగైదు జతల బూట్లు, మంచి స్టిక్కులు అక్కడ ఉంచాలి.

నాలుగు, సెలక్టర్ తన కాలేజీ పిల్లలకు తాను మార్కులు వేయకూడదు.

ఐదు, ఎంపికైనవారి పేర్లతో పాటు స్టాండ్‌బైల వరుస, అందరి మార్కులు బోర్డు మీద పెట్టాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి మూడు రోజులు ఇవ్వాలి.

ఇవి జరిగితే మన పిల్లలే అందరూ ఎంపికవుతారని కాదు. కొందరు మార్కులు చూసుకుని తలదించుకుంటారు కూడా. అదీ మంచిదే. మనలోనూ తప్పుంది. ఉదయం ప్రాక్టీసుకు లేవకుండా, పేరు రానప్పుడు మాత్రం "మనల్ని తొక్కేశారు" అనుకోవడం తేలిక. మార్కులు బోర్డు మీద ఉంటే ఆ సాకూ పోతుంది. వివక్ష ఉంటే అదీ బయటపడుతుంది, బద్ధకం ఉంటే అదీ బయటపడుతుంది. గీత కనిపిస్తే దాన్ని దాటడానికి ఇంకా ఎంత పరిగెత్తాలో తెలుస్తుంది.

చివరగా జూనియర్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మూడు మాటలు. నోటీసు బోర్డు రోజూ చూడండి, సెలవులకు వెళ్ళేముందు ఒక పట్నం మిత్రుడికి మీ ఫోన్ నెంబరు ఇచ్చి వెళ్ళండి. యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం-3 మీద సంతకం ఆ ఏడాదే చేయించుకోండి, వయసు పరిమితులు మన కోసం ఆగవు. పేరు రాకపోతే మర్యాదగా, కాగితం మీద రాసి కారణం అడగండి. పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక విన్నపం. ఈ వార్షికోత్సవానికి మీరు ఇవ్వదలచిన షీల్డుల బదులు ఈ ఏడాది హాస్టల్‌కు నాలుగు జతల టర్ఫ్ బూట్లు కొనివ్వండి. ఏ సైజు పిల్లవాడు ముందుకొస్తాడో మనకు తెలియదు కాబట్టి సైజులు వేరువేరుగా ఉండేలా చూడండి.