తిరుత్తణి పిల్లలకు పది రోజుల శిబిరం ఇప్పించండి

తిరువళ్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. చాలా ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగే మాట.

మా వీధిలో ఏడో తరగతి పిల్ల ఒకతి, నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకి, ఇదేమిటని అడిగింది. సున్నపు లవణమన్నాను. రాసి పెట్టుకోమంటే నీళ్లు నమిలింది. దానికి తెలుగు రాయడం రాదు. తమిళంలో జవాబులు రాస్తుంది కానీ, కళ్లతో చూసింది రాయమని ఎవరూ అడగలేదట!

బడుల్లో ప్రయోగాలకు ప్రభుత్వం 2022లో 'వానవిల్ మన్రం' పెట్టింది. పిల్లల పత్రిక 'తేన్‌చిట్టు' ఉంది. ఆ రెంటినీ వేసవిలో ఒకచోట కూర్చోబెట్టండి. మే నెలలో పది రోజులు, తిరుత్తణిలో ఒక శిబిరం, తిరువళ్లూరులో ఒకటి. పొద్దున పూండి జలాశయం నీళ్లు పరీక్షించాలి, మధ్యాహ్నం దాన్నే వార్తగా రాయాలి. చివర్లో నాలుగు పేజీల పత్రిక, అందులో ఒక పేజీ తెలుగు. ఫీజు మాత్రం వద్దు. ఉన్నవాళ్ల పిల్లలు ఎలాగూ ఇలాంటి శిబిరాలకు చెన్నై రైలెక్కుతారు, లేనివాళ్లకు సెలవులంటే సెల్‌ఫోనే.

ఏప్రిల్ పరీక్షలు ముగిసేలోగా ఉత్తర్వు ఇప్పించగలరు.

ఇట్లు,
తిరుత్తణి వాసి