చివరి అక్షరం చూశారా?

అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరాడనో, అమ్మాయి డిగ్రీకి వచ్చిందనో ఓ డెస్క్‌టాప్ కొందామని గుడివాడ నుంచో, ఉయ్యూరు నుంచో బస్సెక్కి బెజవాడ వస్తారు. షాపులో రెండు కొటేషన్లు చేతిలో పెడతారు. ఒకదాంట్లో కోర్ ఐ5-12400. రెండోదాంట్లో కోర్ ఐ5-12400ఎఫ్. మిగతాదంతా ఒకటే... రెండోది కాస్త చవక. ఇంకేం, అదే తీసుకుందామనిపిస్తుంది. అక్కడే ఒక్క నిమిషం ఆగండి!

ఇంటెల్ 2022లో తెచ్చిన ఈ రెండూ అన్నదమ్ములే. రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. తేడా అంతా ఆ 'ఎఫ్'లోనే ఉంది. ఎఫ్ ఉన్న ప్రాసెసర్ సొంతంగా మానిటర్ మీద బొమ్మ చూపించలేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొని పెట్టాల్సిందే. అది లేకుండా ఇంటికి తీసుకెళ్లి స్విచ్చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ, తెర మీద ఏమీ రాదు. మిగిలిందనుకున్న డబ్బుకు నాలుగింతలు కార్డుకే పోవచ్చు.

మరి ఏఎండీ? అక్కడ లెక్క వేరు. రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉంది, ఉత్త 5600లో లేదు. అలాగని అక్షరం లేనివన్నీ అంతేననుకోకండి. 2023లో వచ్చిన 7600కి చివర 'జీ' లేకపోయినా గ్రాఫిక్స్ ఉంది. అందుకే షాపులోనే సూటిగా అడగండి: 'కార్డు లేకుండా తెర మీద బొమ్మ వస్తుందా?' అని.

ఇక అంకెల సంగతి. 2023లో వచ్చిన ఐ5-13400లో 10 కోర్లున్నాయి. అయితే వాటిలో 6 పెద్దవి, 4 చిన్నవి. చిన్నవి కరెంటు పొదుపుగా వాడుకుంటూ తేలిక పనులు చూసుకుంటాయి. వీడియో ఎడిటింగ్ చేసేవారికి పదీ పనికొస్తాయి. ప్రాజెక్టు రిపోర్టులు, ప్రోగ్రామింగ్ పాఠాలు, ఆన్‌లైన్ క్లాసులు... వీటికైతే ఆ తేడా పెద్దగా తెలియదు. ఆ డబ్బుతో ర్యామ్ 16 జీబీకి పెంచుకోండి. పాతరకం హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెట్టించుకోండి. రోజూ కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలకు కనిపించే వేగం అదే.

పిల్లలు గేములాడతారా? కార్డు ఎలాగూ కొంటారు కాబట్టి అప్పుడు ఎఫ్ రకమే లాభం.

బెజవాడ ఎండలు తెలిసినవే కదా! ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి కూలర్ విషయంలో రాజీ పడొద్దు. క్యాబినెట్‌ను గోడకు ఆనించి పెట్టొద్దు.

చివరగా ఒక్క మాట. బిల్లు మీద 'ఐ5 కంప్యూటర్' అని రాస్తే ఒప్పుకోకండి. ప్రాసెసర్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా రాయించుకోండి. సీలున్న డబ్బా మీద పేరు, బిల్లులో పేరు ఒకటేనని చూసుకున్నాకే డబ్బులివ్వండి.