నిలిచిన బండికే జబ్బులెక్కువ

అమెరికాలో మన పిల్లలు సెలవులలో తీసుకువెళ్ళే క్యాంపర్ వ్యాను ఇల్లూ అదే, బండీ అదే. తిరిగితే బండి అరుగుతుందని లోకాభిప్రాయం. ఇట్టి బండి ఊరక నిలిచియున్నప్పుడే ఎక్కువ చెడుతుందని నా అభిప్రాయం.

చలికాలంలో గొట్టాలలో మిగిలిన నీరు గడ్డకట్టి, సుమారు 9 శాతం వ్యాకోచించి వాటిని పగులగొడుతుంది. పైకప్పు అతుకులు బీటవారితే వాననీరు చుక్కచుక్కగా దిగి లోపలి చెక్కను కుళ్ళబెడుతుంది. వాడకున్నా బ్యాటరీ దిగిపోతుంది. అరగకున్నా టైరు రబ్బరు ముదురుతుంది. టైరు ప్రక్కన డాట్ అక్షరాల వరుస చివర 2319 అని ఉంటే, అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. టైరుకూ జాతకం ఉన్నదన్నమాట!

గోటితో పోయేదానికి గొడ్డలిదాకా తెచ్చుకోవడమెందుకు? చలికి ముందే గొట్టాలలోని నీటిని తీసివేయడం, అతుకులు పరీక్షించి సీలెంటు పూయడం, గ్యాసు గొట్టాల కీళ్ళకు సబ్బునీరు రాసి బుడగలు వచ్చునేమో చూడడం ఒక పూట పని. మరొకటి ప్రాణానికి సంబంధించినది. తలుపులు మూసుకొని పసిపిల్లలు నిద్రించే చోటు అది. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. దానిని పసిగట్టే అలారం పనిచేయుచున్నదో లేదో మీట నొక్కి చూడనిదే బండి కదల్చరాదు.

ప్రయాణపు జాబితాలో ఊళ్ళ పేర్లకంటె ముందు ఈ పనులను వ్రాసుకొనవలెనని నా మనవి.