గేమ్ టేబుల్ అద్దం దగ్గర కంజూసీ వద్దు

గేమ్ టేబుల్ చేయించేటప్పుడు స్క్రీన్ ఎంత పెద్దది, బటన్లు ఏ రంగు అని గంటలకొద్దీ బహస్ చేస్తాం. పైన పరిచే అద్దం మాటొస్తే మాత్రం ‘ఏదో ఒకటి వేసెయ్ భాయ్’ అంటాం. నా రాయ్ దీనికి ఉల్టా. ముందు తేల్చుకోవాల్సింది అద్దం సంగతే.

నేను చెప్పేది 1978లో జపాన్ కంపెనీ టైటో ‘స్పేస్ ఇన్వేడర్స్’ తెచ్చాక అక్కడి కాఫీ దుకాణాల్లో మషూర్ అయిన రకం టేబుల్. స్క్రీన్ పైకప్పు వైపు చూస్తుంది. దాని మీద అద్దం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడతారు. ఆ అద్దం మీద మోచేతులు ఆనతాయి, వేడి చాయ్ కప్పులు దిగుతాయి, ఓడిపోయిన పిల్లాడి పిడికిలి పడుతుంది.

మా తమ్ముడు ఫర్నిచర్ కారీగర్. జూబ్లీ హిల్స్‌లో కేఫ్ పెడుతున్న ఒక సాహెబ్ అలాంటివి రెండు చేయమన్నారు. చెక్క, పాలిష్, స్పీకర్లు, లోపలి రంగు లైట్లు, అన్నిటికీ బేఫికర్‌గా సరేనన్నారు. అద్దం దగ్గరకొచ్చేసరికి, ‘కాంచ్ కాంచే కదా మియా, మామూలుది చాలు’ అన్నారు. తమ్ముడు కుదరదన్నాడు. ఆర్డర్ చేజారుతుందేమోనని ఇంట్లో అంతా పరేషాన్. నేను తమ్ముడి తరఫే మాట్లాడాను.

ఎందుకంటే కాంచ్‌కీ కాంచ్‌కీ జమీన్ ఆస్మాన్ ఫరక్ ఉంది. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. టఫెన్డ్ గ్లాస్‌ని 600 డిగ్రీలు దాటించి వేడిచేసి, గాలితో చప్పున చల్లారుస్తారు. అంతే మందం ఉన్న మామూలు అద్దం కంటే అది నాలుగైదు రెట్లు మజ్బూత్. పగిలినా చిన్న చిన్న గుళ్లుగా రాలుతుంది. చాయ్ వేడికి బెదరదు.

పక్కనే ఫిలింనగర్. తెర మీద హీరో అద్దం బద్దలుకొట్టుకుని వస్తాడు, చొక్కా కూడా నలగదు. అలాంటి సీన్ల కోసం పూర్వం చక్కెర పాకంతో, తర్వాత రెజిన్‌తో నక్లీ అద్దాలు చేయడం సినిమావాళ్ల హునర్. మన బచ్చాలకి ఆ సంగతి తెలియదు.

చేయించుకునేవాళ్లు కొన్ని మాటలు యాద్ పెట్టుకోండి. మందం 5 లేదా 6 మిల్లీమీటర్లు ఉండాలి. టఫెన్ చేశాక కోయడం, రంధ్రం వేయడం కుదరదు. అందుకే కొలతలు, గుండ్రటి మూలలు, అంచుల పాలిష్ అన్నీ ముందే ఖరారు చేసుకోవాలి. టఫెన్డ్ గ్లాస్ కమ్జోరీ అంచుల్లోనే ఉంటుంది, మూల మీద దెబ్బ తగలనివ్వొద్దు. ఒక మూలన ముద్ర ఉందా చూడండి. మన దేశంలో సేఫ్టీ గ్లాస్ ప్రమాణం ఐఎస్ 2553. పోలరైజ్డ్ కళ్లద్దాలతో చూస్తే టఫెన్డ్ గ్లాస్‌లో నీడల్లాంటి మచ్చలు కనిపిస్తాయి.

నల్ల అద్దం లోపలి సామాను దాస్తుంది, బొమ్మని మాత్రం మసక చేస్తుంది. తెల్లటి అద్దం వేసి, స్క్రీన్ చుట్టూ నల్ల అట్ట పరిస్తే నయం. యాక్రిలిక్ ముక్కలైపోదు గానీ, ఉంగరాలకీ తాళంచెవులకీ గీతలు పడిపోతుంది. మరీ చిన్న పిల్లలున్న ఇంట్లో అయితే లామినేటెడ్ వేయించండి. పగిలినా మధ్య పొర ముక్కల్ని పట్టుకునే ఉంటుంది.

తమ్ముడు సాహెబ్‌కి ఇదంతా సబర్‌గా చెప్పాడు. పైసలు తగ్గించాలంటే లోపలి రంగు లైట్లు తీసేద్దాం అన్నాడు. ఆయన ఒప్పుకున్నారు.

కారీగర్ అద్దం విషయంలో మొండికేస్తే బేరమాడుతున్నాడనుకోకండి. రేపు ఆ టేబుల్ ముందు కూర్చోబోయే బచ్చా ఎవరో అతనికి తెలియదు. అయినా ఆ బచ్చా చేతుల జిమ్మేదారీ తనదే అనుకుంటున్నాడు. అలాంటి కారీగర్‌కి రెండు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.